వెంట్రుకవాసి

నోట్లో దారం ఉన్నప్పుడు మాట్లాడకూడదు.
మా పనిలో మొదటి పాఠం అదే.
పళ్ళ మధ్య ఒక కొస, వేళ్ళ మధ్య రెండు పాయలు,
నడుమ ముడిపడీ పడని మెలిక.
దానికి చిక్కిన వెంట్రుక ఇక వెనక్కి రాదు.

టొలీడోలో, డోనట్ల కొట్టుకీ టైర్ల కొట్టుకీ మధ్య
ఆరడుగుల అద్దం, వాలు కుర్చీ, కలబంద జెల్లు, పౌడరు డబ్బా.
పదకొండేళ్ళలో ఎన్ని కనుబొమలు దిద్దానో
లెక్క రాసుకోలేదు.
ఒక్క కనురెప్పా తెగలేదు, అది మాత్రం తెలుసు.

మార్చిలో, మంచు ఇంకా కరగకముందు, ఒకావిడ వచ్చింది.
కూర్చుంటుందనుకుని తువ్వాలు విదిలించాను.
"లైసెన్సు ఏది?" అంది గోడకేసి చూస్తూ.
గోడ మీద తిరుపతి క్యాలెండరూ, మంటలార్పే సిలిండరూ.
ఆ రెండోదానికి కాగితం ఉంది.

ఒక కనుబొమ అయి రెండోది కాని పిల్ల
అలాగే లేచి కారెక్కింది.

పదిహేను వందల గంటలు చదవమన్నారు.
కారు అమ్మి, బస్సెక్కి, చదువుతున్నాను.
ప్లాస్టిక్ తల ఒకటిచ్చారు, దాని పేరు డెబ్రా.
డెబ్రాకి రింగులు చుట్టాను, రంగు వేశాను,
గోళ్ళకొచ్చే తెగుళ్ళ పేర్లు లాటిన్‌లో బట్టీపట్టాను.
లావుపాటి పుస్తకం మొత్తంలో దారం ఒక్కచోటే వచ్చింది,
విగ్గు కుట్టే దగ్గర.
డెబ్రాకి కనుబొమలు లేవు.
పెయింటుతో గీసిన రెండు గీతలు.

మా తాతని ఎవరూ లైసెన్సు అడగలేదు.
పుట్టుకే లైసెన్సు. ఆ పుట్టుకే సంకెల.
పొది చంకన పెట్టుకుని పెద్దిళ్ళకి పెరటి దారిన వెళ్ళేవాడు.
ఆయన చేతి కత్తికి గొంతు అప్పగించిన దొరలే
ఆ చేతికి మంచినీళ్ళు ఎత్తి పోసేవాళ్ళు.
ఇంకో పని చేస్తానంటే ఊరు నవ్వింది.
నేను ఈ పనే చేస్తానంటే
ఇక్కడి ఊరు ఆగమంటోంది.
తాతకి చెబితే ఏమనేవాడో!
బహుశా ఏమీ అనడు. కత్తి సానపట్టుకుంటాడు.

కొలంబస్‌లో కమిటీ ముందు మనిషికి మూడు నిమిషాలు.
నాకంటే ముందు లవెర్న్ పెటిఫర్డ్, జడలల్లే ఆవిడ, అరవై దాటింది:
"మా నాయనమ్మ నా తల మీదే నాకు నేర్పింది.
మీ బడిలో ఆ పాఠం చెప్పేవాళ్ళుంటే చూపించండి, చేరతాను."
అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

తర్వాత అవతలి పక్షం నుంచి ఒక పిల్ల లేచింది.
టోపీ తీసింది. నడినెత్తిన అరచేయంత చోట జుట్టు లేదు.
ఎవరో ఇంట్లో చవగ్గా బ్లీచు పోశారట,
మంట పుడుతోందంటే, పుట్టాలి అన్నారట.

రాసుకొచ్చిన కాగితం మడిచేశాను.
"ఆ అమ్మాయి చెప్పింది నిజం.
మందు పట్టేవాళ్ళకి చదువుండాల్సిందే.
నాకూ చేతులు కడగడం, పనిముట్లు మరిగించడం నేర్పండి,
పరీక్ష పెట్టండి, తప్పితే మూయించండి.
కానీ దారానికి దారమంత చదువు, మందుకి మందంత.
నాకు తెలియని పనులన్నీ నేర్పి
తెలిసిన పనికి..."
గంట కొట్టారు.
సెనేటరుగారి కనుబొమలు రెండూ ముక్కు మీద కలుసుకున్నాయి.
బల్ల కింద నా వేళ్ళు వాటంతటవే మెలిక వేశాయి.

బిల్లు వచ్చే సమావేశాలకి వాయిదా.

ఆడవాళ్ళ గదిలో ఆ పిల్ల అద్దం ముందు నిలబడి
టోపీ సర్దుకుంటోంది.
"నాకు చేస్తారా? ఇక్కడే?"
డబ్బు పుచ్చుకోకపోతే తప్పు కాదంది లవెర్న్,
తలుపుకి వీపు ఆనించి నిలబడుతూ.
సంచిలో రీలు ఉంది, ఎప్పుడూ ఉంటుంది.
కొస పళ్ళ మధ్య పెట్టుకున్నాను.
ఏదో అడిగింది, తల ఊపాను.
ఎడమది కుడిదానికన్నా వెంట్రుకవాసి పలచన.
పుట్టుకతో వచ్చింది.
దాన్ని అలాగే ఉంచాను.